ఏడు వారాల గోలీలు

మా అమ్మమ్మ చనిపోయే ముందు పదమూడు రోజులు వరసగా మా అమ్మతో మాట్లాడింది. ఆ సంగతి మా అమ్మకు తెలియదు.

మా అమ్మ పేరు విమల. మండల కేంద్రంలో డాక్టర్ విద్యాధర్ రావు నడిపే కుటుంబ దవాఖానాలో పన్నెండేళ్లు క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేసింది. ఆ ఉద్యోగం పేరు మా వైపు ఎవరికీ నోరు తిరగదు. అందరూ ఆమెను గోలీలక్క అనేవారు. డాక్టరు జబ్బు చూసి చీటీ రాస్తాడు. ఆ చీటీ పట్టుకుని రోగి పక్క గదిలో అమ్మ దగ్గరికి రావాలి. రాగానే అమ్మ సంచీ బోర్లించమనేది. ఇంట్లో ఉన్న గోలీలన్నీ తెచ్చుకోవాలన్నది ఆమె పెట్టిన నియమం. పట్నం డాక్టరు ఇచ్చినవి, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చినవి, పక్కింటామె "నాకు మంచిగైంది, నువ్వు గూడ ఏసుకో" అని ఇచ్చినవి, అన్నీ బల్ల మీద పడేవి. ఒకే బీపీ గోలిని రెండు పేర్లతో, రెండు రంగుల్లో మింగుతున్నవాళ్లు వారానికి నలుగురైనా దొరికేవారు. ఏ గోలికి ఏ గోలి పడదో చూసి అమ్మ చీటీతో మళ్లీ డాక్టరు గదిలోకి వెళ్లేది. "సార్, ఇది మార్చాలె" అనేది. ఆయన విసుక్కుంటూనే మార్చేవాడు.

అన్నీ చెప్పాక చివర ఒక ప్రశ్న అడిగేది.

"ఇగ నువ్వు చెప్పు. ఇంటికి పోయినంక ఎట్ల ఏసుకుంటవ్?"

"నువ్వు చెప్పినట్లే ఏసుకుంట గోలీలక్కా" అని అందరూ తప్పించుకోజూసేవారు. అమ్మ వదిలేది కాదు. యెల్లయ్య తాతను అట్లాగే నిలబెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆయన గొట్టం గోలీని విప్పి, లోపలి పొడిని కల్లులో కలుపుకుని తాగుతున్నాడు.

"అయ్యో తాతా, కల్లులనా?"

"లోపలికి జల్ది పోవాలంటివి గద బిడ్డా. కల్లు కంటె జల్ది పోయేదేమున్నది?"

సెలవు రోజుల్లో నేను ఆ గది మూలన కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. ఎవరైనా పలకరిస్తే తల ఇంకా కిందికి దించేదాన్ని. "విమలా, నీ బిడ్డకు మాటలొస్తయా?" అని అమ్మను నా ముందే అడిగినవాళ్లున్నారు. వస్తాయి. కానీ నోటిదాకా వచ్చి ఆగిపోతాయి. వాటిని నోటుబుక్కులో రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. నాన్న లారీ మీద పోతే పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. కాబట్టి నాకు అమ్మ గొంతే లోకం.

ఆ గొంతునే డాక్టరు అడిగాడు.

రెండేళ్ల కిందట ఆయన హైదరాబాదు నుంచి ఇద్దరు ఇంజనీర్లను తీసుకొచ్చాడు. వాళ్లు బల్ల మీద ఒక మందు సీసా పెట్టారు. చూడడానికి మామూలు తెల్ల మూతే. కొంచెం మందంగా ఉంది. ఒకతను వేలు ఆనించగానే మూత మాట్లాడింది. "అమ్మా, ఇది బీపీ గోలి. పొద్దున ఒకటి" అంది. చెప్పడం అయ్యాకే టక్కుమని తెరుచుకుంది. అతను "మజ్జిగతోని ఏసుకోవచ్చా?" అని అడిగితే దానికీ జవాబిచ్చింది.

"ఇరవై మూడు ఊళ్లున్నయ్ విమలా, నువ్వేమో ఒక్కదానివి" అన్నాడు డాక్టరు. "నీ దగ్గరికి రాలేని ముసలోళ్ల గతేంది? నీ గొంతు ఇండ్ల పెడితే ప్రతి ఇంట్ల నువ్వున్నట్టే."

అమ్మకు ఆ మాట నచ్చింది. నాకూ నచ్చింది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా. రెండు నెలలు సాయంత్రం పూట గది తలుపులు మూసుకుని అమ్మ ఆ యంత్రానికి అన్నీ నేర్పింది. దానికి పలుకుమూత అని పేరు కూడా తనే పెట్టింది. తన ప్రశ్నను కూడా నేర్పింది. మూత తెరుచుకునే ముందు "ఇగ నువ్వు చెప్పు" అని అడగాలి. రోగి తప్పు చెప్తే తెరుచుకోకూడదు, దవాఖానాకు ఫోన్ కొట్టాలి. అమ్మ ఒప్పుకున్నది ఆ షరతు మీదే.

ఒక్క చోట మాత్రం వాళ్లకు మాట కుదరలేదు. కీళ్లవాతానికి ఒక పసుపుపచ్చ గోలి ఉంది. ఏడు రోజులకు ఒక్కటే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం తీస్తుంది. ఆ గోలి ఇచ్చేటప్పుడు అమ్మ ఎప్పుడూ "మీ అంగడి నాడు ఒక్కటే" అనేది. అంగడి రోజు ఎవరూ మరిచిపోరు. ఇంజనీర్లు మాత్రం ఒప్పుకోలేదు. ఒక్కో ఊళ్లో ఒక్కో రోజు అంగడి, అన్ని మూతలకూ ఒకటే మాట ఉండాలన్నారు. "వారానికొకటి" అని రాసిచ్చారు. పోనీలే, తప్పర్థం చేసుకుంటే చివరి ప్రశ్న దగ్గర దొరికిపోతారు కదా అనుకుంది అమ్మ.

మూతకు కొత్త సంగతి నేర్పాలంటే అమ్మ గొంతే తాళంచెవి. "నేను గోలీలక్కను, నేర్చుకో" అనగానే మూత చెవులు తెరిచేది. "చాలు" అనేదాకా ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడినా విని, 'చాలు'కు ముందు మాట్లాడినవాళ్ల మాటను నేర్చుకునేది. ఒక్క మూతకు చెప్తే చాలు, నిమిషంలో అన్ని మూతలకూ ఆ మాట అందేది.

మొదటి మూడు నెలల్లో పదకొండు వందల మూతలు ఊళ్లలోకి వెళ్లాయి. నాలుగో నెలలో తిరిగి రావడం మొదలైంది.

"ఇంటికాడ గూడ బడిపంతులు లెక్క అడుగుతది సార్. కూడు తిననియ్యదు."

"కోడలి ముంగట తప్పు చెప్తే నా ఇజ్జత్ పోతున్నది. మాకొద్దు."

డాక్టరు అమ్మను పిలిచి ప్రశ్న తీసేయమన్నాడు. పదిహేను రోజులకే అన్నాడు. జనం మూతకు అలవాటు పడగానే మళ్లీ పెడదామన్నాడు. "నువ్వే చెప్పాలె విమలా. నేను చెప్తే అది వినదు గద" అని నవ్వాడు. అమ్మ ఆ మధ్యాహ్నమంతా అన్నం తినకుండా బల్ల దగ్గర కూర్చుంది. ఆయన రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. మూడోసారి వచ్చినప్పుడు మూతల అప్పుకు దవాఖానా మూసేస్తే ఈ ఇరవై మూడు ఊళ్లకు ఎవరు దిక్కని అడిగాడు. అమ్మ మూత చేతిలోకి తీసుకుని ఆ మాట చెప్పేసింది.

పదిహేను రోజులు రెండు నెలలయ్యాయి. ప్రశ్న మళ్లీ పెడదామని అమ్మ రోజూ అడుగుతుంటే ఒకరోజు ఆయనే అన్నాడు.

"మూతలు మంచిగనే పనిచేస్తున్నయ్. ఇగ నువ్వెందుకు ఇంత కష్టపడుడు? ఇంటికాడ ఉండు."

అట్లా అమ్మ గొంతును దవాఖానాలో ఉంచుకుని అమ్మను ఇంటికి పంపాడు.

ఈ విషయం అమ్మమ్మకు చెప్పొద్దని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. మా అమ్మమ్మ రాజవ్వ ఎర్రకుంటపల్లెలో మా మల్లేశం మామ దగ్గర ఉండేది. ఆమెకు నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు. ఊళ్లో ఎవరు దగ్గినా "మా బిడ్డ ఉన్నది, దవాఖానకు పో" అనేది. ఆ గొప్ప పోగొట్టడం అమ్మకు ఇష్టం లేకపోయింది. ఇంకో పని దొరికాక చెప్దామనుకుంది.

అమ్మమ్మకేమో వేళ్ల కణుపులు ఉబ్బి బీడీ ఆకు మడత పడడం లేదు. బిడ్డను హైరానా పెట్టడమెందుకని ఎవరికీ చెప్పకుండా, ఒక శుక్రవారం ఆటో ఎక్కి ఒంటరిగా అదే దవాఖానాకు పోయింది. అక్కడ అమ్మ కనపడలేదు. కౌంటరు దగ్గరి పిల్ల "ఇయ్యాల లేదు, ఈ మూతల ఉన్నది మీ గోలీలక్క" అని సీసా చేతిలో పెట్టింది. మూడు నెలలకు సరిపడా పదమూడు పసుపుపచ్చ గోలీలు.

మరుసటి వారం అమ్మ ఫోన్ చేసింది. స్పీకరులో నేనూ విన్నాను.

"ఎట్లున్నవ్ అవ్వా?"

"ఏందే, పొద్దుగాలనే మాట్లాడినం గద. మళ్ల చేసినవేంది? పనేం లేదా ఆడ?"

నిన్నటి సంగతి ఈరోజనుకుంటోందని అమ్మ నవ్వింది. ఉద్యోగం మాట వస్తుందేమోనన్న భయంతో తొందరగా ఫోన్ పెట్టేసింది. ఆ రెండు నిమిషాలు ఇంకొంచెం సాగి ఉంటే ఏమై ఉండేదో అని నేను చాలాసార్లు రాసుకున్నాను. అమ్మ ఎన్నిసార్లు అనుకుందో నాకు తెలియదు.

పద్నాలుగో రోజుకు అమ్మమ్మ నోరంతా పూసింది. గుక్కెడు నీళ్లు కూడా దిగలేదు. ఒంటి మీద ఎర్రటి మచ్చలు లేచాయి. మామ జిల్లా ఆసుపత్రిలో చేర్పించాడు. రక్తంలో ఉండాల్సిన కణాలు పడిపోయాయని, ఏ మందు మింగిందని అక్కడి డాక్టర్లు అడుగుతుంటే ఎవరికీ తెలియలేదు. మేము వెళ్లేసరికి అమ్మమ్మ కళ్లు తెరిచింది. అమ్మను చూసి, పెదాలు కదిపితే నొప్పి పుడుతున్నా, మాట్లాడింది.

"నువ్వు చెప్పినట్టే ఏసుకున్న బిడ్డా. ఒక్క వారం గూడ తప్పలే."

"నేనెప్పుడు చెప్పిన అవ్వా?"

అమ్మమ్మ నడుం దగ్గరి సంచీ వైపు చూపించింది. నేను తీశాను. సీసా ఖాళీగా ఉంది.

మూడో రోజు పొద్దున ఆమె పోయింది.

మూత రోగి మాటలన్నీ ఆ గొంతుతోనే దాచుకుంటుంది, తనకు నేర్పిన మాటలను మాత్రం అమ్మ గొంతులోకి మార్చుకుంటుంది. దినాలయ్యాక మా ఇంట్లో, మామ ముందు, నేనే ఆ మూత మీద వేలు ఆనించి పాత మాటలు వినిపించమన్నాను. మొదటి రోజు అమ్మమ్మ గొంతు వచ్చింది.

"వారానికొకటి అంటే రోజుకొకటేనా బిడ్డా? ఐతారం ఒక వారం, సోమారం ఒక వారం, మంగళారం ఒక వారం. ఏడు వారాల నగలు ఏడు రోజులు పెట్టుకున్నట్టు. గంతేనా?"

"అవునమ్మా. వారానికొకటి."

అది మా అమ్మ గొంతు. మూత తనకు తెలిసిన 'వారానికొకటి' అన్న మాటను అమ్మమ్మ మాటల్లో దొరకబుచ్చుకుని అవునంది. అమ్మమ్మ మళ్లీ అంది.

"దవాఖాన్ల నన్ను అమ్మా అంటవా? ఇంటికాడ అవ్వా అంటవ్ గని. మంచిదే, పనిల మర్యాద ఉండాలె."

పదమూడు రోజులూ అట్లాగే ఉన్నాయి. గోలి వేసుకోవడం, తర్వాత కాసేపు కబుర్లు. కోడి గుడ్లు పెట్టడం లేదని ఒకరోజు, మామ కొత్త చెప్పులు తెచ్చాడని ఒకరోజు. మూతకు ఏమీ అర్థం కానప్పుడల్లా "మంచిగ ఉండండమ్మా" అంది. అమ్మమ్మ మురిసిపోయింది.

మామ లేచి నిలబడ్డాడు. "మా అవ్వను నీ గొంతే చంపింది అక్కా" అని వెళ్లిపోయాడు.

అమ్మమ్మ చావు మీద జిల్లా అధికారులు విచారణ పెడితే డాక్టరు చాలా మెత్తగా మాట్లాడాడు. మూతలో గొంతు విమలదే అన్నాడు. మాటలు విమలవే. తిరిగి అడిగే ప్రశ్నను తీసేయమన్న ఆజ్ఞ కూడా విమల గొంతులోనే ఉందని రికార్డు వినిపించాడు. తానెప్పుడూ అట్లా చెప్పలేదన్నాడు. విమల తన చెల్లెలి లాంటిదని, పని ఒత్తిడిలో పొరపాటు చేసి ఉంటుందని జాలి కూడా పడ్డాడు. విచారణ తేలేదాకా ఎక్కడా పనిచేయకూడదని అమ్మకు కాగితం వచ్చింది.

ఆ రోజు నుంచి అమ్మ మాట్లాడడం మానేసింది. అలిగి కాదు. గొంతు తెరవడానికి భయపడింది. అన్నం పెట్టేటప్పుడు గిన్నె మీద గరిటెతో కొట్టి పిలిచేది.

నేను డాక్టరు పేరును నోటుబుక్కులో ఒక పేజీ నిండా రాశాను. తర్వాతి పేజీ కూడా.

నా గొంతు సంగతి నాకు ముందే తెలుసు. ఫోన్ ఎత్తితే "విమలా" అనే మొదలుపెడతారు అందరూ. అందుకే ఫోన్ ఎత్తడం మానేశాను. ఒక మధ్యాహ్నం అమ్మ పెరట్లో బట్టలుతుకుతుండగా అమ్మమ్మ మూతను ముందు పెట్టుకున్నాను. గొంతు సవరించుకున్నాను.

"నేను గోలీలక్కను. నేర్చుకో."

"చెప్పండి" అంది మూత.

పదకొండు వందల ఇళ్లు నా మాట కోసం నోరు మూసుకుని కూర్చున్నాయి. పుట్టి పదహారేళ్లలో నా మాట అంతమంది వినేది అదే మొదటిసారి. వెంటనే "చాలు" అని ఆపేశాను.

మొదట వచ్చిన ఆలోచన దాచుకోను. డాక్టరు బల్ల మీద కూడా పలుకుమూత ఉంటుంది. వచ్చినవాళ్లకు చూపించడానికి తన గుండె గోలీలను అందులోనే పెట్టుకున్నాడు. ఒక్క అంకె మారిస్తే చాలు. ఆ వాక్యాన్ని రాసుకుని నాలుగు రోజులు చదువుకున్నాను. ఎంతో హాయిగా ఉండేది. ఐదో రోజు కొట్టేశాను. జాలి కలిగి కాదు. ఆయన డాక్టరు, తన మోతాదు తనకు తెలుసు, మూత మాట నమ్మడు. నమ్మి చచ్చినా నాకేం లాభం? అమ్మ చేత ఆ మాట చెప్పించింది తానేనని ఈ లోకంలో చెప్తే అందరూ నమ్మే నోరు ఒక్కటే ఉంది. అది బతికి ఉండాలి. బతికి, చెప్పాలి.

సోమవారం పొద్దున ఆరు గంటలకు మూతకు నేర్పాను.

"తెరుచుకునే ముందు అడుగు. 'ఇగ నువ్వు చెప్పు, ఎట్ల ఏసుకుంటవ్?' అని. తప్పు చెప్తే తెరుచుకోకు. దవాఖానకు ఫోన్ కొట్టు. చాలు."

తొమ్మిదింటికల్లా దవాఖానాలో ఫోన్ ఆగకుండా మోగిందట. పన్నెండింటికి జనం సీసాలు పట్టుకుని ఆటోల్లో దిగారు. నూట నలభై ముగ్గురు తప్పు చెప్పారు. ఒకాయన మూర్ఛ గోలీలను మూర్ఛ వచ్చిన రోజే వేసుకుంటున్నాడు. ఒకామె "పూటకొకటి" అంటే తాము రెండు పూటలే తింటాం కాబట్టి రెండే అనుకుంది. ఇంకో ఊళ్లో పసుపుపచ్చ గోలి మొదలుపెట్టి మూడో రోజు అయిన ఒకామె, మా అమ్మమ్మ లాగే వారాలు లెక్కపెడుతూ, ఆ పొద్దున మూత తెరుచుకోక బతికిపోయింది.

ఒక్క సంగతి నేను ఆలోచించలేదు. గంగారాం తాతకు పక్షవాతం, మాట రాదు. మూత అడుగుతూనే ఉంది, ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. చివరికి కోడలు లస్మి సీసాను రాయితో పగలగొట్టిందట. అది విన్నాక కూడా ఆపలేదు.

డాక్టరు మూతలను ఆపమని ఇంజనీర్లకు ఫోన్ చేశాడు. వాళ్లిద్దరూ ఎప్పుడో వేరే పనిలోకి పోయారు. మూత వినేది ఒక్క గొంతునే.

నాలుగింటికి ఆయన కారు మా ఇంటి ముందు ఆగింది. ఆ వెనకే మోటారు సైకిలు మీద మామ వచ్చాడు. అత్త గోలీల కోసం దవాఖానాకు పోయి, ఆ రద్దీ చూసి, సంగతేంటో తేల్చుకుందామని కారు వెంట పడ్డాడు. కారు చప్పుడు వినగానే నేను లోపల అమ్మమ్మ మూతను చేతిలోకి తీసుకుని మెల్లగా అన్నాను. "నేను గోలీలక్కను. నేర్చుకో." తర్వాత దాన్ని బల్ల మీద గిన్నె పక్కన పెట్టాను.

డాక్టరు కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకున్నాడు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"విమలా, ఏందిది? నా మీద కోపముంటే నన్నడుగు. ముసలోళ్ల నోటికాడి గోలి ఆపుతవా? ఒక్క మాట చెప్పు మూతలకు. నీ కాగితం సంగతి నేను చూసుకుంట."

అమ్మకు ఇదేమీ తెలియదని ఆయనకు తెలియదు.

"సార్" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి అమ్మ వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"మూతలకు నేను చెప్పిన సార్. మళ్ల నేనే చెప్త. మీరు ఒక్కటి చెప్పాలె. ఆ ప్రశ్న ఎవరు తీయించిన్రు? మీ మాటలల్ల చెప్పున్రి."

"చిన్నపిల్లవు, నీకు తెల్వదు బిడ్డా…"

"మీరు చెప్పేదాక ఏ మూత తెరుచుకోదు సార్."

బల్ల అంచు పట్టుకున్నాను. మామ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఆయన దాన్ని తిప్పి బల్ల మీద పెట్టేశాడు. చివరికి నేల వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ ప్రశ్న తీయించింది నేనే. వద్దని తెలిసి గూడ తీయించిన. రాజవ్వ పోయింది నా వల్లనే. ఇంకెవ్వల తప్పు లేదు. సరేనా?"

"చాలు" అన్నాను.

ఒక్క నిమిషం నా గుండె గాల్లో తేలింది. అమ్మ కళ్ల నిండా నీళ్లు. మామ తల దించుకున్నాడు. అప్పుడు పక్కింట్లో ఎవరో తెరుచుకోని మూతను మళ్లీ ముట్టారు కాబోలు, కిటికీలోంచి గొంతు వినిపించింది. తర్వాత ఎదురింట్లోంచి. తర్వాత, నా వేలు తగిలి, మా బల్ల మీంచి.

"ఆ ప్రశ్న తీయించింది నేనే. వద్దని తెలిసి గూడ తీయించిన. రాజవ్వ పోయింది నా వల్లనే. ఇంకెవ్వల తప్పు లేదు."

అది మా అమ్మ గొంతు.

నేర్చుకున్న మాట పలకడానికి మూతకు ఉన్నది ఒక్కటే గొంతు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆయన నోటి నుంచి ఆ మాట రాబట్టాలన్న కసిలో, అది ఎవరి గొంతుతో బయటికి పోతుందో నేను ఆలోచించనే లేదు. ఇరవై మూడు ఊళ్లలో, పదకొండు వందల ఇళ్లలో, మా అమ్మ తన తల్లిని తానే చంపానని ఒప్పుకుంది.

డాక్టరు తలెత్తి విన్నాడు. అర్థం కావడానికి ఆయనకు కొంతసేపు పట్టింది. తర్వాత లేచి, ఫోను జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు. నవ్వి ఉంటే నాకు నయంగా ఉండేది. నవ్వలేదు. మోస్తున్న మూటను ఎవరో అందుకున్నట్టు ఆయన భుజాలు దిగాయి.

"ఇగ నేను చెప్పేదేమున్నది?" అన్నాడు.

మామ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "నీ నోటితోని అన్నది నేను విన్న సార్."

"నువ్వొక్కనివి విన్నవ్ మల్లేశం. ఊళ్లు ఏం విన్నయో పోయి అడుగు."

కారు వెళ్లిపోయింది. నేను మూతను చేతిలోకి తీసుకుని అమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాను.

"అమ్మా, నువ్వు చెప్పు. అది ఆయన మాట, నాది కాదు అని మూతలకు చెప్పు. నువ్వు చెప్తే వింటరు."

అమ్మ నా చేతిలోంచి మూత తీసుకుంది. నలభై రోజుల తర్వాత ఆమె గొంతు విన్నాను. తుప్పు పట్టినట్టుంది.

"గంట కింద ఒకటి, ఇప్పుడొకటి చెప్పే మూతను ఎవరు నమ్ముతరు బిడ్డా?"

మూతను నోటి దగ్గర పెట్టుకుంది.

"నేను గోలీలక్కను. నేర్చుకో. ఇప్పటి సంది ఎవరు ముట్టినా తెరుచుకో. ఎవ్వలతోని మాట్లాడకు. ఎన్నడు మాట్లాడకు. చాలు."

ఎదురింట్లో మూత సగం మాట మీద ఆగిపోయింది.

నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. తప్పు చెప్పిన నూట నలభై ముగ్గురి పేర్లు దవాఖానా నుంచి తెమ్మని మామను పంపింది. వాళ్లలో ఏ ఒక్కరూ రేపు పొద్దున మళ్లీ తప్పు గోలి వేసుకోకూడదంది. కాగితం వచ్చినా, పనిచేయొద్దన్నా, మనిషి పోయి మనిషికి చెప్పకుండా ఏ కాగితం ఆపుతుందంది. నన్ను కూడా రమ్మంది.

"నేనేం చెప్పాలె అమ్మా? నాకు నోరు రాదు."

"నువ్వు పెట్టిన మంట. నువ్వే చెప్పాలె."

మామ ఆ పేర్లతో తిరిగొచ్చాక, మొదట గంగారాం తాత ఇంటికే వెళ్లాం. గుమ్మంలో పగిలిన సీసా ముక్కలు ఇంకా ఊడ్చి లేవు. కోడలు లస్మి మమ్మల్ని చూసి చీపురు చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"నీ అవ్వను నువ్వే చంపినవని నీ నోటితోనే అన్నవట గద. మళ్ల మా ఇంటికెందుకొచ్చినవ్? మా మామను గూడ చంపుతవా?"

అమ్మ నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. నా గొంతు వినగానే లస్మి ఒకడుగు వెనక్కి వేసింది. "అమ్మో, ఇది గూడ మూత లెక్కనే మాట్లాడుతున్నది" అంది. నేను ఆపలేదు. మూతలను ఎందుకు మూశానో, తాతను ఏడిపించింది నేనేనని ముందు చెప్పాను. తర్వాత డాక్టర్ విద్యాధర్ రావు పేరు చెప్పాను. పూర్తి పేరు. ఏం చేయించాడో, ఏమన్నాడో, ఆ మాట అమ్మ గొంతుతో ఎట్లా వచ్చిందో చెప్పాను. మామ వెనక నుంచి "నేను విన్న" అన్నాడు. లస్మి మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి, తాత గోలీలున్న గుడ్డమూట తెచ్చి అమ్మ ముందు పడేసింది. నమ్మిందో లేదో తెలియలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టేలోపు పదకొండు ఇళ్లు తిరిగాం. మిగిలినవాళ్లకు, మేము వచ్చేదాకా గోలి వేసుకునే ముందు అమ్మను అడగమని మామ ఫోన్లు చేశాడు. అమ్మ పదకొండు ఇళ్లలో గోలీలు చూసింది. నేను పదకొండు ఇళ్లలో ఆయన పేరు చెప్పాను. రెండిళ్లవాళ్లు నమ్మారు. రేపు పొద్దున నమ్మని తొమ్మిది ఇళ్లకు మళ్లీ వెళ్తాం.